మూడు యూనివర్సిటీల బైండరు

మూడు ఉత్తరాలూ ఒకే వారంలో వచ్చాయి. మొదటిది సోమవారం, పెద్ద యూనివర్సిటీ నుంచి. దళసరి కవరు, మూల మీద ఉబ్బెత్తు ముద్ర. రెండోది బుధవారం, కొండమీది యూనివర్సిటీ నుంచి. మూడోది శనివారం మధ్యాహ్నం, మిల్లు యూనివర్సిటీ నుంచి. దానికి కవరు కూడా లేదు, మూడు మడతలు పెట్టి పిన్ను కొట్టారు. మూడింట్లోనూ మాట ఒకటే. మీ అమ్మాయికి భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీలో సీటు వచ్చింది, నెలాఖరులోగా చేరేదీ లేనిదీ తెలియజేయాలి.

నేను వాటిని చదవకముందే చేత్తో తడిమి చూశాను. అది నాకు పనితో అంటుకున్న జబ్బు. ఇరవై ఆరేళ్ళుగా ఆ మూడు యూనివర్సిటీల థీసిస్సులకీ, లైబ్రరీ పుస్తకాలకీ నేనే బైండర్ని. పెద్ద యూనివర్సిటీ కాయితం వేళ్ళ మధ్య బిగువుగా నిలబడింది. మిల్లు వాళ్ళది మెత్తగా వాలిపోయింది, వెనకవైపు అక్షరాలు ముందువైపు నీడల్లా కనపడుతున్నాయి. నా మనసులో తీర్పు అక్కడే అయిపోయింది.

మా ప్రాంతం మొత్తానికి ఉన్నవి ఆ మూడే. పెద్ద యూనివర్సిటీ అంటే రాతి కట్టడాలు, గడియార స్తంభం, గేటు నుంచి లైబ్రరీకి నడిస్తే కాళ్ళు పీకేంత దూరం. నలుగురూ కూడిన చోట దాని పేరు చెబితే కుర్చీ జరిపి కూర్చోమంటారు. కొండమీది దానికి చెరువు, చెట్లు, మెట్లు, ఆ మెట్ల మీద పాటలు. మిల్లు యూనివర్సిటీ నిజంగా మిల్లే. ఎప్పుడో మూతపడిన నూలు మిల్లు షెడ్లలో పెట్టారు. పొగగొట్టం అలాగే ఉంది. ఇంకెక్కడా సీటు రానివాళ్ళు వెళ్ళే చోటని పేరు. ఎవరబ్బాయైనా అక్కడ చేరితే 'మిల్లులో పడ్డాడు' అనేవాళ్ళు, పాపం అన్నట్టు.

నాకు మాత్రం జనం మాటతో పని లేదనుకునేవాణ్ణి. నా కొలబద్ద నా బైండింగు. పెద్ద యూనివర్సిటీ లైబ్రరీలో నా పుస్తకాలు సిపాయిల్లా నిలబడి ఉంటాయి. వీపుల మీద బంగారు అక్షరాలు నిన్న అద్దినట్టే ఉంటాయి. ఒక్కటీ బాగుచేతకి రాదు. కొండ మీద నుంచి ఏడాదికి ఒక కట్ట వస్తుంది, ఎక్కువగా కిటికీ ఎండకి రంగు వెలిసినవి. మిల్లు నుంచి మాత్రం ఏటా నాలుగైదు కట్టలు దిగుతాయి. వీపు విరిగి, కుట్లు తెగి, మూలలు కుక్క పీకినట్టు. "పుస్తకం పట్టుకోవడం రాని మనుషులు, వీళ్ళకి చదువేం వస్తుంది?" అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. అవన్నీ వింటూనే మా అమ్మాయి పెరిగింది.

ఆ శనివారం సాయంత్రమే మా బావమరిది వచ్చాడు. పెద్ద యూనివర్సిటీలో చదివి బీమా ఆఫీసులో పనిచేస్తున్నాడు. బయటికొచ్చి ఇరవై ఏళ్ళయినా ఏ మాటకైనా 'మా క్యాంపస్‌లో అయితేనా' అని మొదలెడతాడు. మా ఆవిడ తమ్ముణ్ణి వెనకాల 'పట్టభద్రుడు' అంటుంది. ఒక్కోసారి ముందు కూడా.

"ఇంకేం ఆలోచన బావా? పెద్దది వచ్చాక మిగతా రెండు కవర్లూ చించెయ్యడమే," అన్నాడు కూర్చుంటూనే.

"మూడోదానికి కవరే లేదు మామయ్యా," అంది మా అమ్మాయి.

"చూశావా! కవరుకే గతిలేదు. రేపు సర్టిఫికెట్ కూడా మడిచి పిన్ను కొట్టి ఇస్తారు."

"నువ్వక్కడ ఏం నేర్చుకున్నావురా?" అడిగింది మా ఆవిడ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. పుస్తకాల కుట్టుపని ఆవిడది. ఇంట్లోనే, కిటికీ దగ్గర కుట్టు బల్ల.

"అలా అడిగితే ఎలా అక్కా? అదొక వాతావరణం."

"ఓహో. అయితే పిల్లకి గొడుగు కొనాలి."

అతను నవ్వలేదు. ముందుకి వంగి మెల్లగా అన్నాడు. "హాస్యం కాదు. ఉద్యోగానికి వెళ్తే ముందు యూనివర్సిటీ పేరు చూస్తారు, తర్వాతే మొహం చూస్తారు. మా ఆఫీసులో రోజూ చూస్తున్నాను. మిల్లు పేరు కనపడితే ఆ కాయితం అడుక్కి పోతుంది."

అది నిజమే. కాదని ఎవరూ అనలేదు.

"నేను మూడూ చూసి చెబుతాను," అంది మా అమ్మాయి.

"చూడ్డానికేముందే, పెళ్ళిచూపులా?"

"పెళ్ళిచూపులకి ఒక్కణ్ణే తెస్తారు మామయ్యా. ఇక్కడ ముగ్గురున్నారు."

అందరం నవ్వాం. నవ్వు ఆగాక అది నావైపు తిరిగి, "మీరేమంటారు నాన్నా?" అంది.

"చూడు. చూస్తే నీకే తెలుస్తుంది, పెద్దదేనని," అన్నాను. దాని ముఖం మీద నేనెప్పుడూ చూడని ఒక భావం కదిలి వెళ్ళింది. ఆ రోజు దాన్ని సంతోషం అనుకున్నాను.

*

వేసవి మాకు థీసిస్సుల కాలం. మూడు చోట్లా గడువులు ఒకేసారి మీదపడతాయి. షాపులో నేల కనపడదు. అన్నేళ్ళూ మా అమ్మాయిని షాపుకి రానివ్వలేదు, చదువుకునే పిల్లకి జిగురు కంపెందుకని. ఆ వేసవి అదే వచ్చి గుమ్మం పక్కన స్టూలు వేసుకుంది. థీసిస్ ఇవ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ పట్టుకుని మీ క్యాంపస్ ఎలా ఉంటుందని అడిగేది.

పెద్ద యూనివర్సిటీ కుర్రాడొకడు అద్దాలు సర్దుకుని, "మీకెక్కడొచ్చింది సీటు?" అన్నాడు.

"మీ దగ్గరే."

"మరింకేంటండీ?" అని వెళ్ళిపోయాడు. అతని దృష్టిలో అది పూర్తి సమాధానం. వాడి వెనకాల వచ్చిన ఇంకొకడు కొంచెం చనువిచ్చాడు. "మా గైడు గారిని రెండేళ్ళలో రెండుసార్లు చూశాను. ఒకసారి ఫొటోలో."

కొండమీది అమ్మాయి కళ్ళు మెరిపిస్తూ చెప్పింది. "సాయంత్రం చెరువు మెట్ల మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. అందుకే నాకు రెండేళ్ళ కోర్సు మూడేళ్ళు పట్టింది."

మిల్లు నుంచి వచ్చినతని బూట్లకి ఎర్రమట్టి. "మా దగ్గరా? షెడ్డు కదండీ, వాన పడితే రేకుల చప్పుడుకి మాస్టారి మాట వినపడదు. లేచి వెళ్ళి ఆయన బల్ల చుట్టూ నిలబడాలి."

"మరేం చేస్తారు?"

"నిలబడతాం," అన్నాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

అవన్నీ అది ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. నేను అట్టలు కోస్తూ వింటూ ఉండేవాణ్ణి. నా షాపులో ఎవరో నన్ను తప్ప అందరినీ ప్రశ్నలడుగుతున్నారన్న చిన్న ముల్లు ఒకటి లోపల గుచ్చుకునేది.

ఒకరోజు అది, ఆరబెట్టిన థీసిస్ ఒకటి తీసి మధ్యకి తెరవబోయింది. నేను పెద్దగా అరిచాను. అది బిత్తరపోయింది. "తెరవకూడదమ్మా," అని దగ్గరికెళ్ళి చెప్పాను. "మా గురువుగారి పద్ధతి. బైండు ఆరాక అట్ట ఎత్తి చూస్తాం, అంతే. మధ్యకి మొదటిసారి తెరవడం చదివేవాళ్ళ హక్కు. మనది కాదు."

"ఎందుకలా?"

"ఆయన చెప్పలేదు. నేను అడగలేదు."

కారణం నాకు తెలుసు. కానీ పనిలో కొన్ని సంగతులు చెబితే పలచబడతాయనిపించి ఊరుకున్నాను.

*

కొండమీదికి వాళ్ళమ్మతో వెళ్ళొచ్చింది. రెండు రోజులు అదే చెప్పింది. చెరువు మీద గాలి, హాస్టలు కిటికీలోంచి కొండల వరస, అందరూ అందరికీ తెలిసుండటం. "మరి రాళ్ళ ల్యాబు?" అని అడిగితే, "తాళం వేసుంది నాన్నా. తాళం చెవి ఎవరి దగ్గరుందో అడిగితే, అది దగ్గరున్నాయన పాడుతున్నాడు, పాట అయ్యాక వస్తాడన్నారు" అంది. మా ఆవిడ మాత్రం, "బాగా పాడాడు లెండి," అంది.

పెద్ద యూనివర్సిటీకి నేను తీసుకెళ్ళాను. ఆ వారం డెలివరీ ఇవ్వాల్సిన కట్టలు ఉన్నాయి. ఒకటి దాని చేతికిచ్చి, పెద్ద గేటు దాటి, చెట్ల నీడలో నడిచాం. దానికి గడియార స్తంభం చూపించాను, భూగర్భశాస్త్రం బిల్డింగు చూపించాను, నేనే కట్టించినట్టు. గుమ్మాల్లో విద్యార్థులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు నిలబడటంలోనే ఒక నింపాది ఉంది. ఎవరూ ఎక్కడికీ తొందరపడటం లేదు. వచ్చి చేరిపోయిన మనుషుల నింపాది అది. నా కూతురు రేపు అలా నిలబడుతుందని ఊహించుకున్నాను. ఛాతీలో ఏదో వెచ్చగా పొంగింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పొంగులో దాని వాటా ఎంతో, నా వాటా ఎంతో విడదీయడం కష్టం.

లైబ్రరీలోకి కార్డు లేనివాళ్ళని రానివ్వరు. నాకు వెనక గుమ్మం ఉంది. పుస్తకాలు దించే చోటు. అక్కడి గుమాస్తా నన్ను చూసి, "రండి రండి, ఈసారి సాయానికి మనిషిని తెచ్చారే," అన్నాడు.

"మా అమ్మాయి. వచ్చే నెల నుంచి మీ ముందు గుమ్మంలోంచి వస్తుంది."

"అబ్బో! అయితే ఇప్పుడే చూపించండి, పైన థీసిస్సుల హాలు తెరిచే ఉంది."

నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను.

హాల్లో మనుషులెవరూ లేరు. నేల నుంచి కప్పు దాకా అలమారాలు. ముదురు నీలం రెక్సిన్ వీపులు, బంగారు అక్షరాలు, సంవత్సరాల వారీగా. అంతా నాదే. పన్నెండు అలమారాల నిడివిన నా చేతులు నిలబడి ఉన్నాయి. మా అమ్మాయి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. "ఇవన్నీ మీరే చేశారా నాన్నా?"

"అమ్మ కుట్టింది. నేను కట్టాను."

"ఎంత బాగున్నాయి!"

ఒక మనిషికి తన పని అంతా ఒక్కచోట, ఒక్కసారి, తన బిడ్డ కళ్ళలోంచి కనపడటం ఎన్నిసార్లు జరుగుతుంది?

అది భూగర్భశాస్త్రం అలమారా వెతుక్కుని ఒక థీసిస్ బయటికి లాగింది. మన నదీతీరపు రాళ్ళ మీద ఎవరో చేసినది. సంవత్సరం చూశాను. పంతొమ్మిదేళ్ళ కిందటిది. అది బల్ల మీద పెట్టి, మధ్యకి తెరిచింది.

చిటపటమని చిన్న చప్పుడు. ఎండిన కొమ్మ మీద ఎవరో మెల్లగా అడుగేసినట్టు.

ఆ చప్పుడు నాకు తెలుసు. వీపు మీద జిగురు పొర మొదటిసారి విడినప్పుడు వస్తుంది. ఒక పుస్తకం జీవితంలో ఒక్కసారే వస్తుంది. లైబ్రరీ కాపీ నా దగ్గర నుంచి నేరుగా ఆ అలమారాలోకి వెళ్తుంది, మధ్యలో ఎవరి చేతిలోనూ పడదు. అంటే పంతొమ్మిదేళ్ళు.

అది ఇంకొకటి తీసింది. ఇరవై రెండేళ్ళ నాటిది. మళ్ళీ అదే చప్పుడు. మూడోది తీసింది. అదే.

"ఆ చప్పుడేంటి నాన్నా?"

"పాత జిగురు," అన్నాను. "ఎండాకాలం కదా, బిగుసుకుపోతుంది."

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు నేను ఆశ్చర్యపోలేదు. చెప్పాక హాయిగా అనిపించిందే, దానికి ఆశ్చర్యపోయాను. పుస్తకాలు లోపలికి తోసి, వరస సమంగా ఉందో లేదో చూసి, అరచేత్తో సర్ది బయటికొచ్చాను. తోటలో కుళాయి దగ్గర నీళ్ళు తాగుతూ అది, "ఇక్కడే చేరతాను నాన్నా," అంది.

"ఊఁ," అన్నాను.

*

ఆ తర్వాతి నాలుగు రోజులూ నాతో నేను వాదించుకున్నాను. థీసిస్సులు ఎవరు చదువుతారు, ఎక్కడైనా అంతే కదా, అనుకున్నాను. తరగతులు వేరు, లైబ్రరీ వేరు, అనుకున్నాను. పేరు చూసే ఉద్యోగం ఇస్తారని మా బావమరిది చెప్పింది నిజమే కదా, అనుకున్నాను. ప్రతి వాదనా బాగానే నిలబడింది. కానీ ఒక మనిషి ఒకే విషయానికి మూడు కారణాలు వెతుక్కుంటున్నాడంటే, నాలుగోదాన్ని చూడకుండా తప్పించుకుంటున్నాడన్నమాట. ఆ నాలుగోది మెల్లగా తల ఎత్తింది. అక్కడ నా పుస్తకాలు చెక్కు చెదరలేదు కాబట్టి ఆ చోటు గొప్పదనుకున్నాను. నా పనిని ఎవరూ ముట్టుకోకపోవడాన్ని నా పనికి జరిగిన గౌరవం అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళు. ఈ పొరపాటు ఇంకెవరూ చెయ్యరు. చెయ్యాలంటే బైండరై పుట్టాలి.

మా బావమరిది అప్పటికే ఆఫీసంతా చాటేశాడు. "మా మేనకోడలు మా క్యాంపస్‌కే వస్తోంది" అని ఎదురు సీటాయనకీ, పై సీటాయనకీ చెప్పుకున్నాడట. అంగీకార పత్రం నింపి బల్ల మీద పెట్టి ఉంది. మర్నాడు పోస్టు చెయ్యాలి.

ఐదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. కటింగ్ మిషను ఆగింది. షాపులో మేమిద్దరమే. అది చెమట తుడుచుకుంటూ మిల్లు నుంచి వచ్చిన పాత కట్టలకి చీటీలు అంటిస్తోంది. నేను అలమారాలోంచి, పొద్దున్నే ఆరిన ఒక కొత్త థీసిస్ తీసి దాని ముందు పెట్టాను.

"తెరువమ్మా. మధ్యకి."

అది నావైపు అనుమానంగా చూసింది. "తెరవకూడదన్నారుగా?"

"ఈ ఒక్కటి తెరువు."

తెరిచింది. కరెంటు లేని నిశ్శబ్దంలో ఆ చప్పుడు షాపంతా వినపడింది. అది పుస్తకం వైపు చూసింది. నావైపు చూసింది. మళ్ళీ పుస్తకం వైపు చూసింది.

"ఇది కొత్తది కదా," అంది.

"ఊఁ."

"అదే చప్పుడు."

"ఒక్కసారే వస్తుంది."

అది పుస్తకాన్ని మెల్లగా మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టి కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. నాలుగు రోజులు ఎందుకు దాచారని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పక్కన పడి ఉన్న మిల్లు కట్ట ముడి విప్పి, పైనున్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అది దానంతటదే తెరుచుకుని పళ్ళెంలా వెల్లకిలా పడింది. చప్పుడు లేదు. చేతుల మురికికి పేజీల అంచులు గోధుమరంగుకి తిరిగిపోయాయి. మార్జిన్లో పెన్సిలు రాతలు, ఒక్కొక్కటీ ఒక్కో చేతివి. అది పైకి చదివింది.

"'ఈ కొలత తప్పు.' ఇదొకళ్ళు. కింద ఇంకొకళ్ళు, 'తప్పు కాదు, వానలు తగ్గాక వెళ్ళి కొలిచి చూడు.' మళ్ళీ మొదటి చేతిరాతే నాన్నా, 'కొలిచాను. నువ్వన్నదే నిజం.'"

సరిగ్గా అప్పుడే మా ఆవిడ కుట్టిన కట్టలు పట్టుకుని వచ్చింది. బల్ల మీదున్న పుస్తకం చూసి, "మళ్ళీ వచ్చిందా ఇది? దీన్ని కుట్టడం నాకు మూడోసారి," అంది. తర్వాత మా మొహాలు చూసి, "ఏమైంది?" అని ఆగింది.

"అమ్మా, నీకు తెలుసా? పెద్ద యూనివర్సిటీ పుస్తకాలు ఎవరూ తెరవలేదని?"

మా ఆవిడ కట్టలు దించింది. "నా దగ్గరికి మళ్ళీ కుట్టుకి రాని పుస్తకాన్ని ఎవరైనా చదివారని ఎలా అనుకుంటానే? మీ నాన్న మిల్లు వాళ్ళని తిడుతుంటే, పోనీలే, మనిషికి ఏదో ఒకటి తిట్టుకోవాలిగా, అని ఊరుకున్నాను."

అన్నేళ్ళూ నేను మాట్లాడాను, ఆవిడ కుట్టింది. ఇద్దరిలో చూసింది ఆవిడే. సిగ్గుపడాల్సిన చోట నాకు గర్వంగా అనిపించింది. అది ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఇలాంటి మనిషి కూతురు మా అమ్మాయి, దాని ముందు తప్పు ఒప్పుకుంటే తక్కువైపోనని అనిపించింది, బహుశా.

"మిల్లుకి ఒకసారి వెళ్దామా నాన్నా?" అంది.

"వెళ్దాం."

బావమరిది సంగతి తెలిసి ఆ సాయంత్రమే మామీదకి దూకాడు. "మిల్లా! బావా, మీకేమైనా మతిపోయిందా? ఆఫీసులో నేనేం చెప్పుకోను?"

"మా బావకి ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉందని చెప్పు," అన్నాను.

"అట్టలు అంటించిన అనుభవమా?"

అనేశాక అతనికే తెలిసింది, మొహం తిప్పుకున్నాడు. నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. "అవును, అదే," అన్నాను. "మూడింటికీ అంటించింది నేనొక్కణ్ణే. నువ్వు చూసింది ఒక్కటే."

మా అమ్మాయి అతని పక్కన కూర్చుని, "మామయ్యా, నా కాయితం అడుక్కి పోతే మళ్ళీ పైకి లాగే బాధ్యత నీది," అంది.

"లాగుతాలే," అన్నాడు గొణుగుతూ. "మీ నాన్న ఈ మొండితనం ఏ క్యాంపస్‌లో నేర్చుకున్నాడో."

*

మిల్లుకి వెళ్ళేసరికి పదిన్నర. ఎండ రేకుల మీద కాలుతోంది. అందంగా ఉందని చెబితే అబద్ధం. షెడ్ల మధ్య ఖాళీలో రాళ్ళు వరసగా పేర్చి, ఒక్కోదానికీ తెల్లరంగుతో అంకె వేసి ఉంది. ల్యాబులో రాళ్ళు కోసే ఆయన ఒకప్పుడు ఇదే మిల్లులో నూలు వడికే మిషన్లు చూసేవాడట. గాజు పలక మీద కాయితం కన్నా పల్చగా అరిగించిన రాతి పొర ఒకటి తీసి, మా అమ్మాయి కంటి ముందు వెలుగుకి పట్టాడు.

"ఏంటిది, చెప్పు చూద్దాం."

అది తదేకంగా చూసి ఒక పేరు చెప్పింది.

"కాదు. కానీ తప్పు బాగా చెప్పావు. చాలామంది తప్పు కూడా చెప్పరు." అని ఇంకొకటి తీశాడు. వాళ్ళిద్దరూ అలా గంటసేపు ఉండిపోయారు. నేనున్నానన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. అలా నన్ను మరిచిపోవడం నాకు బాగుంది.

నేను వెళ్ళి రీడింగు హాల్లో చివరి బల్ల దగ్గర కూర్చున్నాను. పొడవాటి షెడ్డు, పైన ఫ్యాన్లు పేరుకి తిరుగుతున్నాయి. నిండా మనుషులు. ఎదురుగా ఒక కుర్రాడు నేను కట్టిన పుస్తకాన్నే తెరిచి, మూసుకుపోకుండా దాని మీద మోచెయ్యి వేసి, బరువంతా ఆనించి రాసుకుంటున్నాడు. పుస్తకం వీపు విల్లులా వంగిపోయింది. ఇంకో నెల ఆగదు. అలవాటు కొద్దీ నా చెయ్యి లేచింది. మళ్ళీ దించుకున్నాను. అతను పేజీ తిప్పి, మోచెయ్యి మళ్ళీ అక్కడే వేశాడు. నేను కదలకుండా చూస్తూ కూర్చున్నాను. ఈసారి ఇలాంటివాటికి వీపు లోపల ఒక గుడ్డపట్టీ ఎక్కువ వెయ్యాలి, కుట్టు దగ్గర దగ్గరగా వెయ్యమని మా ఆవిడకి చెప్పాలి, అనుకున్నాను. ఎవరో తిప్పితిప్పి విరగ్గొట్టడానికే కట్టాలి. ఆ ఆలోచన నాకు అంతవరకూ రాలేదు.

అడ్మిషన్ల కౌంటర్లో కూర్చున్నావిడ ఫారం ఇచ్చి, "మొదటి పేజీ అమ్మాయి నింపాలి, చివరి గడి మీరు," అంది.

చివరి గడిలో ఇలా ఉంది: 'ఈ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకున్న కారణం, సంరక్షకుని చేతిరాతతో.'

నేను పెన్ను పట్టుకుని నిలబడిపోయాను. ఇరవై ఆరేళ్ళు ఇతరుల రాతలకి అట్టలు వేశాను. నా రాత అవసరమైంది సంతకానికే.

"అందరూ 'ఇంటికి దగ్గర' అని రాస్తారండీ," అందావిడ దయగా. "మీరూ అదే రాసెయ్యండి."

"మాకు దగ్గర కాదండీ. పెద్ద యూనివర్సిటీయే దగ్గర."

"అక్కడ రాలేదా?"

"వచ్చింది," అంది మా అమ్మాయి.

ఆవిడ అప్పుడు మా ఇద్దరినీ సరిగ్గా చూసింది. వెనక వరసలో ఒకరిద్దరు మెడలు సాచారు. నేను వంగి, గడిలో మెల్లగా, అక్షరం అక్షరం విడిగా రాశాను.

'ఇక్కడ పుస్తకాలు చిరుగుతాయి.'

ఆవిడ ఫారం తిప్పి చదివి, కనుబొమలు ముడిచింది. "ఏంటండీ ఇది, ఫిర్యాదా?"

"కాదండీ. నేను మీ బైండర్ని."

ఆవిడకి అర్థమైందో లేదో తెలియదు. ఒక క్షణం ఆ వాక్యం మీద వేలు ఆనించి ఉంచి, తర్వాత ముద్ర తీసి గట్టిగా కొట్టింది. మా అమ్మాయి నా వాక్యం కింద తన సంతకం చేసింది. అక్కడ సంతకం చెయ్యాల్సిన పని లేదు. గడి కూడా లేదు.

బస్సెక్కాం. నడవడం వచ్చిన దగ్గర్నుంచీ అది కిటికీ సీటు ఎవరికీ వదలదు. వాళ్ళమ్మకి కడుపులో తిప్పినా వదల్లేదు. ఆ రోజు పక్కకి జరిగి నిలబడి, "మీరు కూర్చోండి నాన్నా," అంది.

కూర్చున్నాను.